సేవ్ చెయ్యని చూపు

తెర మీది బొమ్మను సేవ్ చేశాం అంటారు కదా, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు మీరంతా. చెయ్యలేదు. మీరు సేవ్ చేసింది బొమ్మను కాదు, మీరు నిలబడిన చోటును. ఎక్కడ నిలబడ్డారు, ఎటు తిరిగి చూస్తున్నారు, ఎంత దగ్గరగా, ఎంత లోతు దాకా. అంతే. రేపు మళ్ళీ ఆ మీట నొక్కితే సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని తీసుకుపోయి సరిగ్గా అక్కడే నిలబెడుతుంది. ఆ చోటికి ఎదురుగా మీ మాలిక్యూల్ ఉంటుందా, ఉండదా అన్నది దాని బాధ్యత కాదు.

నమ్మకపోతే ఒకసారి గుంతకల్లు జంక్షన్‌కు పోయి రండి. మన బోగీ సరిగ్గా ఆగే చోటు కనుక్కుని, మూటాముల్లె సర్దుకుని నిలబడతాం. రైలు పక్క ప్లాట్‌ఫాం మీదికి వస్తుంది. మనం నిలబడిన చోటు తప్పా? కాదు. రైలు తప్పా? అదీ కాదు. కానీ ఎదురుగా పట్టాలు తప్ప ఏమీ ఉండవు.

ఈ మాట నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ మొత్తుకుంటూనే ఉన్నాను. అనంతపురంలో ఒక కాలేజీ, అందులో జీవరసాయన శాఖ, ఆ శాఖలో ఎండకు కాగిపోయే పడమటి వైపు గది. ప్రొటీన్ల ఆకారాలు చూసే కంప్యూటర్లు అందులో ఉండేవి. వాటికీ, వాటి ముందు కూర్చునే పరిశోధక విద్యార్థులకూ నేను దిక్కు. ఈ మధ్యనే స్వచ్ఛందంగా రిటైరయ్యాను. అందరితో కొట్లాడి మానేసిందని చెప్పుకున్నారట. కొట్లాడటం మానేద్దామనే ఉద్యోగం మానేశాను. అదీ కుదరలేదు, ఇప్పుడు ఇంట్లో కొట్లాడుతున్నాను.

ఈ పని తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. ప్రొటీన్ కంటికి కనిపించేది కాదు. దాన్ని స్ఫటికంగా చేసి ఎక్స్-రేలు పంపితే, ఏ పరమాణువు ఎక్కడుందో లెక్కలు వస్తాయి. ఆ లెక్కలను సాఫ్ట్‌వేర్ బొమ్మగా గీస్తుంది. మౌసుతో దాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. చిక్కు అక్కడే ఉంది. కొండకైతే తూర్పూ పడమరా ఉంటాయి, మనిషికి ముఖమూ వీపూ ఉంటాయి. ప్రొటీన్‌కు ఏమీ ఉండవు. పిల్లి చెలగాటమాడిన నూలు ఉండలా ఉంటుంది. పొద్దంతా తిప్పి తిప్పి ఒక మంచి కోణం పట్టుకుని, చెయ్యి కాస్త కదిపితే పోతుంది. అందుకే ఆ చూపుకు ఒక పేరు పెట్టి దాచుకుంటాం, కావలసినప్పుడు పిలుస్తాం.

ఆ పేర్ల దగ్గరే మా శాఖాధిపతితో నాకు మొదటి తగువు. ఆయన మంచివాడే, నన్ను అన్నేళ్ళు భరించాడంటే మంచివాడు కాక ఏమవుతాడు? కానీ ఆయన దాచిన చూపుల పేర్లు ఇలా ఉండేవి: ఫైనల్, కొత్త ఫైనల్, అసలు ఫైనల్. "సార్, వీటిలో ఏది ఫైనలో మీకన్నా తెలుసా?" అని అడిగితే, "నొక్కి చూస్తే తెలుస్తుంది కదమ్మా" అనేవాడు.

ఇక ఆ అమ్మాయి సంగతి. కదిరి అవతల మెట్ట పల్లె నుంచి వచ్చింది. వాళ్ళది సేద్యమే. అందరూ వేరుశనగ మీద పనిచేస్తుంటే ఈమె ఉలవ మీద చేస్తానంది. ఎద్దులకు పెట్టే గింజ మీద పరిశోధన ఏమిటని కొందరు నవ్వారు. "వాన రాని యేడు గూడా మా చేన్లో నిలబడేది అదొగటే మేడమ్. ఎట్ల నిలబడతాదో చూడాల" అంది. వాదించేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఇష్టం. పైగా ఈమె తక్కువ మాటలతో వాదిస్తుంది, అది నాకు చేతకాని విద్య.

ఉలవగింజలోంచి ఒక ప్రొటీన్ తీసింది. బెంగళూరులో స్ఫటికం కట్టించి ఎక్స్-రేలు తీయించుకొచ్చింది. ఆ ప్రొటీన్ నడిమధ్యలో చిన్న గది లాంటి ఖాళీ కనిపించింది. గదిలో నీటి అణువులు. గింజ ఎంత ఎండినా చివరిదాకా మిగిలేది ఈ నీరేననీ, మొలకెత్తే వేళ ముందుగా కదిలేది కూడా ఇదేననీ ఆమె వాదన. సిద్ధాంత గ్రంథానికి గుండెకాయ ఆ అధ్యాయమే.

ఒకే ఒక్క లోటు. ఆ గదికి తలుపు లేదు. చుట్టూ గోడలే. నీళ్ళు లోపలికి ఎలా పోయాయి, బయటికి ఎలా వస్తాయి?

గ్రంథం సమర్పించే ముందు బయటి నిపుణుడొకరు వచ్చి చూడాలి. మాకు వచ్చినాయన హైదరాబాదు నుంచి. ముందుగానే మర్యాదగా కబురు పెట్టాడు, దారి చూపించలేకపోతే ఆ నీళ్ళు లెక్కల్లో దొర్లిన పొరపాటే అనుకోవాలి, అధ్యాయం తీసేయండి అని. తీసేస్తే మిగిలేది గ్రంథం కాదు, అట్టలు. పిల్లకు ఫెలోషిప్ ఆ నెలతో సరి. మళ్ళీ మొదలుపెట్టే స్తోమత వాళ్ళింట్లో లేదు.

"ఏం చేస్తావే?" అని అడిగాను.

"ఏముండాది మేడమ్, ఇంటికి పోయి శెనక్కాయలు ఒలుచుకుంటా. దానికి నిపుణులు రారు గదా" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆయన వచ్చే రోజు పొద్దున మా గదిలో ముగ్గురం ఉన్నాం. శాఖాధిపతికి ఉన్నట్టుండి ఒక ఆలోచన వచ్చింది.

"పాపా, ఆ ఉలవ ప్రొటీన్‌ను వేరుశనగ ప్రొటీన్ మీద కూర్చోబెట్టి చూపిద్దాం. రెండూ ఒక్క పోలికే గదా. పెద్దాయన మెచ్చుకుంటాడు."

వేరుశనగ ప్రొటీన్ ఒకే రకం ముక్కలు మూడు కలిసిన గుత్తి. మూడు రేకుల పువ్వు అనుకోండి. ముక్కలకు ఏ, బి, సి అని పేర్లు. మన ఉలవ ముక్కను వాటిలో ఒకదాని మీద సరిగ్గా అతికేలా పెట్టాలి. 'ఏ' మీద పెట్టాలన్నాను నేను, దాని లెక్కలు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి. సి మీద పెట్టాలన్నాడాయన.

"ఏంటికి సార్ సి? ఒక కారణం చెప్పండి."

"సి అయితే తెర మీద కుడిపక్కకు వస్తుందమ్మా. చూసేదానికి బాగుంటుంది."

"చూసేదానికి బాగుండటానికి ఇదేమన్నా పెళ్ళి పందిరా?"

"నువ్వు ప్రతిదానికీ ఇట్లనే అడ్డం తిరుగు."

"మీరు ప్రతిదానికీ ఇట్లనే అడ్డదిడ్డంగా చెప్పండి, నేను అడ్డం తిరక్కుండా ఉంటాను."

అలా అది చాలాసేపు సాగింది. పాత తగువులు కూడా ఒకటీ రెండూ కలిశాయి. ఇంతలో నిపుణుడు కారు దిగాడని అటెండరు వచ్చి చెప్పాడు. ఎక్కడి మాటలు అక్కడ వదిలి సెమినారు హాలుకు పరుగెత్తాం. అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వెనకే వచ్చింది.

బయట మా ఊరి గాలి, కిటికీ రెక్కల్ని పీకేస్తానన్నంత ఊపులో ఉంది. పరదాలు వేసి, దీపాలు ఆర్పి, ప్రొజెక్టరు పెట్టారు. నిపుణుడు సన్నటి మనిషి, మాట కూడా సన్నమే. ముందు వరసలో కూర్చుని, "సరే, ఆ గది చూపించండమ్మా" అన్నాడు.

అమ్మాయి వేరుశనగ ప్రొటీన్‌ను కనిపించకుండా చేసి, తన ఉలవది ఒక్కటే తెర మీద ఉంచింది. "గది" అని పేరు పెట్టి సేవ్ చేసుకున్న చూపును పిలిచింది. మేం వందలసార్లు చూసిన చూపు అది. గుండ్రటి ఖాళీ, చుట్టూ గోడ, లోపల నీటి బొట్లు.

అది రాలేదు.

ఏం జరిగిందో నాకు తర్వాత అర్థమైంది, మీకు ముందే చెబుతున్నాను. పొద్దున ఉలవ ప్రొటీన్ వేరుశనగ మీద కూర్చోవడానికి తన చోటు వదిలి కదిలింది. సేవ్ చేసిన చూపులు కదల్లేదు. మేం పాత చోటే నిలబడ్డాం, ప్రొటీన్ పక్కకు జరిగి, అడ్డంగా తిరిగింది. నిలబడిన చోటు ఇప్పుడు దాని లోపలికి వచ్చింది.

ఇలాంటప్పుడు మామూలుగా నల్లటి తెర కనిపిస్తుంది, లేదా ముక్కుకు ఆనించి పెట్టుకున్న గోడ కనిపిస్తుంది. ఆ రోజు కనిపించింది వేరు. ప్రొటీన్ ముందు భాగం కత్తితో కోసిన గుమ్మడికాయలా తెగిపోయింది. ఆ చిక్కుముళ్ళ మధ్య గుండ్రంగా ఒక సందు. ఆ సందులో, సాఫ్ట్‌వేర్ ఎర్రటి చుక్కగా గీసే నీటి అణువు. దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి, పోను పోను చిన్నవవుతూ ఒకే వరసలో, లోపలికి, ఇంకా లోపలికి. చివర చిన్న నల్లటి చుక్క. ఆ చుక్క అవతలి బయలు.

ఆ చివరి నుంచి ఈ చివరి దాకా దారి ఉంది. దారి పొడుగునా నీళ్ళు నిలబడి ఉన్నాయి, ఎవరో వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి గుచ్చినట్టు. ఎవరూ గుచ్చలేదు. వాన రాని మెట్ట చేలో, ఎవరూ చూడని చోట, ఒక గింజ తనకు తాను చేసుకున్న ఏర్పాటు అది.

అప్పుడు మా శాఖాధిపతి లేచాడు. తెలియని బొమ్మ వచ్చిందని ఆయన కంగారు.

"ఇది గాదు సార్, ఏదో తప్పు వచ్చింది, ఒక్క నిమిషం" అంటూ మౌసు లాక్కుని, ఫైలు మూసేసి, మార్పులు సేవ్ చేయమంటారా అని అడిగితే వద్దని నొక్కి, పాత ఫైలు తెరిచాడు. "గది" నొక్కాడు. మా పాత గది బుద్ధిగా వచ్చి కూర్చుంది. నాలుగు వైపులా గోడలు.

"ఇదీ సార్ అసలుది" అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

నిపుణుడు నెమ్మదిగా అన్నాడు: "ఇది నేను ఇంతకుముందే చూశాను. ఇందాక కనిపించిందే, దాన్ని మళ్ళీ చూపించండి."

అది ఎక్కడుంది చూపించడానికి? ఆ చూపును ఎవరూ సేవ్ చెయ్యలేదు. చేత్తో తిప్పి మళ్ళీ పట్టుకుందామని అమ్మాయి ప్రయత్నించింది. ఉండను ఎంత తిప్పినా ఉండలాగే ఉంది. ఎంత కోయాలో, ఎటు నుంచి కోయాలో తెలియకపోతే దారి కళ్ళబడదు. నిపుణుడు గడియారం చూసుకున్నాడు. "కొన్నిసార్లు తెర మీద లేనివి కూడా ఉన్నట్టు కనిపిస్తాయి" అన్నాడు. ఆ మాటతో అధ్యాయం సగం చచ్చింది.

నేను లేచి నిలబడ్డాను. "లేనిది కాదు సార్. పొద్దున మేం చేసిన తప్పును వరసగా మళ్ళీ చేస్తే అదే వస్తుంది. ఉలవను వేరుశనగ 'ఏ' ముక్క మీద కూర్చోబెట్టమ్మా."

అమ్మాయి కూర్చోబెట్టింది. "గది" పిలిచింది. నల్లటి తెర.

"నేను చెప్పినా గదా, సి అని!" అన్నాడు శాఖాధిపతి. ఆ కష్టంలో కూడా ఆయన గొంతులో చిన్న పండగ.

సి మీద కూర్చోబెట్టింది. పిలిచింది. ఈసారి తెర నిండా ఒక ముద్ద, అర్థం పర్థం లేనిది.

"పొద్దున 'ఏ' మీదనే పెట్టించాను, నాకు బాగా గుర్తు."

"నువ్వు అన్నావు, పెట్టించింది సి మీద. నేను పక్కనే ఉండాను."

"పక్కన ఉండి ఏం చూశారు సార్, తెరనా, నన్నా?"

"నీ మీద నుంచి చూపు తిప్పితే గదా, తెర చూసేది! అరుస్తాంటివి."

బయటి మనిషి ముందు ఇదీ మా వరస. ఇద్దరం తప్పును ఒకరి మీద ఒకరం మోపుకుంటుంటే, మధ్యలో ఆ పిల్ల తల వంచుకుని కూర్చుంది. పెదవి కొరుక్కుంటోంది. చెబితే ఇద్దరు పెద్దవాళ్ళకూ చెడ్డ. చెప్పకపోతే తన పని గాల్లో కలుస్తుంది. చివరికి తలెత్తింది.

"మేడమ్... సార్... మీరిద్దరూ కొట్లాడుతాండ్రి గదా. ఎవరి మాట విన్నా రెండో వాళ్ళు తిడతారని, నేను బి మీద పెట్టేసినా."

హాల్లో వెనక వరస నుంచి ఎవరో ఫక్కున నవ్వారు. నిపుణుడి పెదవులు కూడా కదిలాయి. నేనూ శాఖాధిపతీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అన్నేళ్ళలో మేమిద్దరం ఏకాభిప్రాయానికి వచ్చిన క్షణం అదొక్కటే.

"ఏంటికమ్మా చూస్తాండావు, పెట్టు బి మీద" అన్నాడాయన.

పెట్టింది. "గది" పిలిచింది.

వచ్చింది. అదే కోత, అదే సందు, అదే వరస, చివర అదే నల్లటి చుక్క. "సేవ్ చెయ్యి, ముందు సేవ్ చెయ్యి!" అని నేను కేకపెట్టాను. చూపు ఒక్కటే కాదు, మాలిక్యూల్ ఉన్నచోటుతో సహా మొత్తం ఫైలు కొత్త పేరుతో దాచాకే నేను ఊపిరి పీల్చుకున్నాను.

నిపుణుడు కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి పోయాడు. నీడ పడుతోందని వంగి, పక్కకు జరిగి, మళ్ళీ వంగి, చిన్నపిల్లాడు తాళం రంధ్రంలోంచి చూసినట్టు చూశాడు. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాడు. బొమ్మ రుజువు కాదన్నాడు, నిజమే. ఇరుకైన చోటు ఎంత వెడల్పుందో కొలవమన్నాడు. కొలిచింది. ఒక నీటి అణువు ఒరుసుకుంటూ పోయేంత ఉంది. "మరి ఆ గొంతు దగ్గర అడ్డంగా ఉన్న పక్కగొలుసు సంగతి?" అన్నాడు. ప్రొటీన్ నూలులోంచి పక్కకు పొడుచుకొచ్చే చిన్న కొమ్మను అలా అంటారు.

నేను నోరు తెరిచాను. అమ్మాయి నా వైపు తిరక్కుండానే, "మేడమ్, నేను చెప్తా" అంది.

చెప్పింది. ఆ గొలుసు అక్కడ గట్టిగా బిగుసుకుని లేదనీ, స్ఫటికం లెక్కల్లోనే అది రెండు చోట్ల కనిపిస్తోందనీ, ఒక చోట ఉంటే దారి మూసుకుంటుందనీ, రెండో చోటికి తిరిగితే తెరుచుకుంటుందనీ. రెండూ పెట్టి చూపించింది. ఆ గది తలుపు తెరిచీ మూసీ చూపించడమే అది. మేం రోజూ చూసే గోడకు సరిగ్గా ఎదురు గోడలో ఉంది అది. మేం ఎప్పుడూ దానికి వీపు పెట్టి నిలబడ్డాం.

ఆయన తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "అధ్యాయం ఉంచండి. ఈ దారి గురించి ఇంకో అధ్యాయం రాయండి. నెల లోపల ఇవ్వగలరా?" అన్నాడు.

"ఇస్తా సార్" అంది.

ఇప్పుడు మీరు దీంట్లోంచి నీతి లాగుతారేమో, తప్పులు చేస్తే అద్భుతాలు కనిపిస్తాయని. లాగకండి. నా ఉద్యోగంలో చూసిన తప్పుల్లో ముప్పాతిక వంతు నల్లటి తెరే చూపించాయి. నేను చెప్పేది వేరు. మొదట దొరికిన మంచి చోటును మేం సేవ్ చేసుకున్నాం. రోజూ మీట నొక్కి అక్కడికే పోయాం. ఎంత సులువో అంత గుడ్డితనం. దారి అన్నాళ్ళూ అక్కడే ఉంది, ఆ ప్రొటీన్ ప్రతి నకలులోనూ, ప్రతి గింజలోనూ. దాచుకున్న చూపు ఉండాలి, కాదనను. అప్పుడప్పుడు దాన్ని పిలవకుండా, ఊరికే చుట్టూ తిరిగి రండి.

అందరూ భోజనాలకు పోయాక అమ్మాయి వరండాలో నిలబడి ఇంటికి ఫోన్ చేసింది. గాలికి వినపడక స్పీకరు పెట్టింది. నేను పక్కనే ఉన్నాను, వినకూడదనే మర్యాద నాకు లేదు.

"నాయనా, అయిపాయ. ఒప్పుకున్నారు. నీళ్ళుండాయని తేలింది, దారి గూడా దొరికింది."

"నీళ్ళు పడినాయా? ఎంత లోతులో పడినాయమ్మా?" అవతలి గొంతు అదిరింది.

"బోరు గాదు నాయనా. ఉలవగింజలో. లోపల నీళ్ళు వరసగా నిలబడుకోనుండాయి."

"మనం చల్లే ఉలవల్లోనా?"

"మనం చల్లేవే. వాటి కోసరమే గదా నేను ఇన్నాళ్ళూ ఈడ ఉండేది."

ఆయన గొంతు, మెల్లగా, తనలో తాను అనుకుంటున్నట్టు వచ్చింది.

"ఇన్నేండ్లూ పిడికిట్లో పట్టుకోని చల్లితి గదమ్మా."